గేదెకు బలము, మనకు పిప్పి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. ఖుర్దారోడ్డులో గూడ్సు బస్తాల లెక్క రాసుకునే గుమాస్తాను. సహజాహారమును గురించి మాట్లాడమని సంఘము వారు ఆజ్ఞాపించారు గనుక, నాకు తెలిసిన బియ్యమును గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతము నుంచి రైలు పనికి వచ్చేనాటికి ఇంట్లో తిండి చోడి అంబలి, దంపుడు బియ్యము. నెలజీతముతోపాటు మల్లెపువ్వు వంటి తెల్లని అన్నము వచ్చింది. అదే మా ఇంటి గౌరవమయింది. పొరుగు ఒడియా వారి ఉసునా అన్నము చూసి మేము ముక్కు విరిచేవాళ్లము. మా మామ్మ మాత్రము, "తవుడూ గంజీ గేదెకు, పిప్పి మనకు" అనేది. మేము నవ్వేవాళ్లము.

నవ్వవలసిన మాట కాదది. 1890 ప్రాంతమున జావాలో అయిక్మన్ అనే డచ్చి వైద్యుడు ఒక వింత చూశాడు. తెల్ల బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడినవి. పైపొర తీయని బియ్యము పెట్టగా కోలుకున్నవి. మనుషుల బెరిబెరి జబ్బుకూ కారణము అదేనని తరువాత తేలింది. తవుడులోని ఆ సారమే బి-1 విటమిను. 1929లో ఆయన నోబెల్ బహుమానము అందుకున్న ఇద్దరిలో ఒకడయ్యాడు.

ఉసునా అంటే మన ఉప్పుడు బియ్యమే. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఎండబెట్టి మర ఆడిస్తారు. అప్పుడు పైపొరలోని బి-1 కొంత గింజలోనికి దిగుతుంది. మర ఆడినా అంతా పోదు. మేము ముక్కు విరిచిన అన్నమే మా అన్నము కంటె మేలైనదన్నమాట! కనుక సహజాహారమంటే మనిషి చేయి తగలనిది కాదు. గింజ బలము గింజలోనే నిలిపినది.

దంపుడు బియ్యము త్వరగా ముక్కిపోతుంది, ఆలస్యముగా ఉడుకుతుంది అంటారు. నిజమే. కొద్దికొద్దిగా కొనండి, ముందుగా నానబెట్టండి. గంజి పారబోయకండి.

నిరుడు మా ఇంట దంపుడు బియ్యము వండిననాడు మా అమ్మ కన్నీరు పెట్టుకున్నది. "మళ్లీ ఆ రోజులు వచ్చినవా నాయనా?" అన్నది. "లేదమ్మా, గేదెకు పోసినది తిరిగి తెచ్చుకుంటున్నాము" అన్నాను. ఇప్పుడు తానే అడిగి వడ్డించుకుంటున్నది.

చేదని ఉగాది పచ్చడిలో వేపపువ్వు మానము కదా! ముతకదని ఈ అన్నమును మానకండి. సెలవు.