ఆడుకొను స్థలము కావాలి

(శతవార్షికోత్సవ యువజన కూడికలో ఒక ఇంటర్మీడియెట్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠము)



మన డయాసిస్ శతవార్షికోత్సవము సందర్భముగా యువజనుల పక్షమున నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. అంశమును నన్నే ఎంచుకొనమన్నారు. మా వయస్సువారు ఇద్దరు కలిస్తే ఎక్కువగా మాట్లాడుకొనేది ఆటల గురించి. కనుక ఆ అంశమునే తీసుకున్నాను.

నేను పెరిగింది దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల మధ్యనే. మన సంఘములో చాలా కుటుంబములు నల్లగొండ, ఖమ్మం వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవే. సెలవులకు ఊరు వెళ్తే తాతగారు బడి ఆవరణలో కబడ్డీ, ఖోఖో ఆడిన సంగతులు చెబుతారు. ఇక్కడ మాకు ఆ ఆవరణ లేదు. మా ప్రాంతము కోచింగ్ సెంటర్లకు పేరు పొందింది. రోడ్డు పక్క నాలుగైదు అంతస్తుల భవనములలో నడిచే కాలేజీలు ఎన్నో ఉన్నాయి. వాటికి లిఫ్టు ఉంటుంది, మైదానము ఉండదు. ఎల్.బి. స్టేడియం ఎల్.బి. నగర్‌లోనే ఉందని మా ఊరి బంధువులు అనుకుంటారు. రెండింటికీ లాల్ బహదూర్‌గారి పేరే గాని, ఆ స్టేడియం, అంటే పూర్వపు ఫతే మైదాన్, బషీర్‌బాగ్‌లో ఉంది. మనకు దగ్గరలో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉంది. ఇంత జనాభాకు అది ఏ మూలకు? ఉన్న ఖాళీ జాగాలలో ఆదివారం ఉదయం చూడండి. ఒకే చోట నాలుగైదు మ్యాచ్‌లు జరుగుతుంటాయి. ఒక జట్టు బంతిని మరొక జట్టు ఫీల్డరు ఆపుతాడు.

కనుక మా ఆట వీధిలోనే సాగింది. నిబంధనలు మేమే పెట్టుకున్నాము. బంతి ఎదురింటి మేడ మీద పడితే అవుట్. నిలిపిన కారుకు తగిలితే అవుట్. అంపైరు లేడు గనుక వాదించడము, ఒప్పుకోవడము, మరునాడు మళ్లీ అదే స్నేహితునితో ఆడడము నేర్చుకున్నాము. సండే స్కూలులో క్షమాపణ గురించి వింటాము. వీధిలో దానిని సాయంత్రానికి రెండుసార్లు ఆచరించవలసి వచ్చేది.

ఇప్పుడు ఆ వీధి ఆట కూడ తగ్గిపోయింది. దానికి బదులు చూచుట పెరిగింది. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ జట్టు ముంబయిపై 20 ఓవర్లలో 277 పరుగులు చేసింది. రెండు జట్లు కలిసి ఆ రాత్రి 523 పరుగులు, 38 సిక్సర్లు కొట్టాయి. అది శ్రమల వారములోని బుధవారము. ఆ సాయంత్రపు ఆరాధనలో యౌవనస్థుల బల్లలు సగము ఖాళీ. వచ్చినవారిలో కొందరికి కీర్తనల పుస్తకము కింద స్కోరు వెలుగుతూనే ఉంది. పెద్దలు నొచ్చుకున్నారు, అది న్యాయమే. కాని ఆ చూచినవారిలో ఎంతమంది ఆ వారములో ఒక్క గంటయినా బ్యాటు పట్టారు? నేను విచారించాను. ఇద్దరు. నా బాధ అక్కడ ఉంది.

చూచుట వలన మేలు లేదని నేననను. సిరాజ్ మన హైదరాబాదువాడు. 2020 నవంబరులో, తాను ఆస్ట్రేలియాలో ఉండగా, ఆటో నడిపి తనను పెంచిన తండ్రి చనిపోయాడు. అతడు జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అలాంటి జీవితములను చూచి మేము ధైర్యము తెచ్చుకుంటాము. అయితే ఎంత చూచినా మన ఊపిరి బలపడదు, మన కోపము అదుపులోకి రాదు. వాటికి మనమే ఆడాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాస్తూ పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉదాహరణగా చెప్పినప్పుడు పరుగెత్తేవాని శిక్షణను చూపాడు గాని, మెట్లమీద కూర్చున్న ప్రేక్షకుని చూపలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకొక మాట. మా వీధిలో ఆరుగురము ఆడేవాళ్లము. తొమ్మిదవ తరగతికి నేనొక్కదాననే మిగిలాను. ఎవరినీ ఎవరూ కొట్టి ఆపలేదు. ఒకరికి ట్యూషన్ అడ్డు వచ్చింది. ఒకరితో "ఇంక పెద్దదానివయ్యావు" అన్నారు. మిగిలినవారిని వీధి చివర నిలబడేవారి చూపులు ఆపాయి. భద్రాచలము అమ్మాయి గొంగడి త్రిష ఆట కొరకు కుటుంబమే ఊరు విడిచి సికింద్రాబాదు వచ్చింది. 2025లో అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో ఆమె 309 పరుగులు చేసి టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యము తెచ్చింది. వీరి ఫోటోలకు మనమందరము చప్పట్లు కొడతాము. మన ఇంటి పిల్ల షటిల్ బ్యాటు పట్టుకొని గేటు దాటితే మాత్రము వెనుకకు పిలుస్తాము. జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో, దేవుడు తిరిగి కట్టబోయే యెరూషలేము వీధులలో ఆడుకొనేవారిలో మగపిల్లలతో పాటు ఆడపిల్లలను కూడ లెక్కించాడు. మనమెందుకు విడిచిపెట్టాలి?

ఇక ఆదివారము. ఈ మాట రాగానే పెద్దలు ఎరిక్ లిడ్డెల్‌ను జ్ఞాపకము చేస్తారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెపు ప్రాథమిక పోటీలు ఆదివారము పడినందున ఆయన పరుగెత్తలేదు. ఆ తరువాత 400 మీటర్లను 47.6 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణము పొందాడు. ఈ సాక్ష్యమును మేము గౌరవిస్తాము. అయితే ఆయన కథ అక్కడితో ముగియలేదు. ఆయన చైనాలో మిషనరీ అయ్యాడు. యుద్ధకాలములో జపానువారి నిర్బంధ శిబిరములో ఉంటూ అక్కడి పిల్లలకు పాఠములు చెప్పాడు, ఆటలు ఆడించాడు. అక్కడ కూడ మొదట ఆదివారము ఆటలు వద్దన్నాడు. పిల్లలు తమంతట తామే ఆట పెట్టుకొని కొట్లాడుకున్నారు. తరువాతి ఆదివారము ఆయనే వచ్చి రిఫరీగా నిలబడ్డాడని ఆ శిబిరములో ఉన్నవారు చెప్పారు. 1945లో ఆయన అక్కడే ప్రభువునందు నిద్రించాడు. తన కొరకైతే పతకమును వదులుకున్నాడు. పిల్లల కొరకైతే తన నియమమునే సడలించాడు. ఈ రెండవ భాగము కూడ మాకు ప్రసంగములలో వినిపించాలని కోరుతున్నాను.

ఆదివారము ఆరాధన మానుకొని మ్యాచ్‌కు వెళ్తామని నేను అడుగుట లేదు. మా మనవి చిన్నది. మన గుడి ఆవరణ ఆదివారము బండ్లతో నిండుతుంది. మిగతా ఆరు దినములు తాళము వేసి ఉంటుంది. శనివారము సాయంత్రము 4 నుండి 6 వరకు ఆ గేటు తెరవండి. ఒక వాలీబాల్, ఒక వల, రెండు జతల షటిల్ బ్యాట్లు చాలు. ఆడపిల్లలకు, మగపిల్లలకు ఒకే సమయము ఇవ్వండి. స్త్రీల మైత్రి తల్లులు ఇద్దరు వచ్చి కూర్చుంటే మా అమ్మలు నిశ్చింతగా పంపుతారు. చుట్టుపక్కల పిల్లలు ఏ మతమువారైనా రానివ్వండి. కిటికీ అద్దము పగిలితే యువజనుల నిధి నుండి కట్టిస్తాము. ఆట ముగిశాక ఆవరణ ఊడ్చి, ఆదివారమునకు బెంచీలు సర్దే పని మాది.

నూరేండ్ల క్రిందట మన పెద్దలు తమ పిల్లలు చదువుకొనుటకు బడులు కావాలని ఆశించారు. ఆ బడులలో చదివినవారి మనుమలము, మనుమరాండ్రము మేము. రెండు గంటలు ఆడుకొనుటకు చోటు అడుగుతున్నాము. వచ్చే సంఘ కమిటీ కూడికలో ఈ మనవిని పరిశీలించగలరని ప్రార్థిస్తున్నాను.