కత్తిపిడికిఁ దగిన జిగురు



ముప్పదియేండ్లు బడిలో శబ్దమంజరి వల్లెవేయించినవాఁడు జిగురును గుఱించి ప్రసంగింప వచ్చినాఁడేమని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుఁడు. ఈ విషయమును నేను గ్రంథములలోఁ గాక మా వంటయింటిలో నేర్చుకొంటిని. అదియు నొక తలవంపు మూలమున.

నిరుటి వేసవిలో ఆవకాయకు మామిడికాయలు తెప్పించితిమి. కాయను టెంకతోఁ గూడ నఱకెడి పెద్దకత్తికిఁ బిడి వదులైనది. మా యూరి కొలిమి యాఱిపోయి చాల కాలమైనది. నేను బజారునకుఁ బోయి, అయిదు నిమిషములలో గట్టిపడునని అట్టమీఁద వ్రాసియున్న ఎపాక్సీ జిగురును గొనితెచ్చి, పిడిరంధ్రములోఁ బోసి, కత్తితోఁకను దూర్చి, గడియారము చూచి పది నిమిషములకే మా కోడలి చేతికిచ్చితిని. నాఁడు పని నడిచినది. కత్తికంటిన జిడ్డు వదలుటకై దానిని మరిగిన నీళ్లలో నానవేసి కడిగిరి. మూఁడవనాఁడు టెంకమీఁద వేటు పడఁగానే పిడి చేతిలో నిలిచిపోయి, కత్తి జాఱి యామె యెడమ బొటనవ్రేలిని గోసినది. నాలుగు కుట్లు పడినవి. "మీరు మంచికే చేశారు గదా, మామయ్యగారూ" అని యామెయే నన్నోదార్చినది. ఆ యోదార్పు నన్నెక్కువ బాధించినది.

అప్పటినుండి ఈ జిగురుల సంగతి విచారింప మొదలిడితిని.

మన కమ్మరులు లక్కను గరఁగించి, ఇటుకపొడి కలిపి, రంధ్రములోఁ బోసి, కాఁచిన తోఁకను దిగఁగొట్టి, పిడిమొదట ఇత్తడి పొన్ను తొడిగెడివారు. ఆ కూర్పు నిబ్బరమైనదే. కాని లక్కకు వేఁడి శత్రువు. లక్కయింటి కథ యెఱిఁగిన మీకు దీనిని వివరింప నక్కఱలేదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో వజ్రలేపమను కూర్పును జెప్పినాఁడు. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని గషాయముగాఁ గాఁచి, గుగ్గులు, సర్జరసము మున్నగునవి నూఱి కలిపి, వేఁడిగా నుండఁగనే గుడులకును విగ్రహములకును బూయవలయునఁట. అది కోటియేండ్లు నిలుచునని యాయన నుడివినాఁడు. నాకు ఆవకాయ దినములు నిలిచినఁ జాలియుండెడిది.

ఎపాక్సీ మన కాలపు వస్తువు. స్విట్జర్లాండు దేశమున పియరీ కస్టాన్ అను శాస్త్రజ్ఞుఁడు 1930ల దశకములో కట్టుడుపండ్లకుఁ దగిన పదార్థమును వెదకుచు దీనిని గనుఁగొనెను. 1946లో ఇది ఆరల్డైటు అను పేరుతో జిగురుగా విపణికి వచ్చినది. పండ్లకై పుట్టినది కత్తులకు మిక్కిలి యక్కఱకు వచ్చినది!

దీని గుణము నొకమాఱు గ్రహించితిమేని ఎంపిక సులభము. వడ్రంగులు వాడు తెల్లజిగురు తనలోని నీరు ఆఱిపోఁగా గట్టిపడును. కఱ్ఱ నీటిని బీల్చుకొనును గాని ఉక్కు పీల్చదు. కావున ఉక్కును గఱ్ఱను గలుపుటకు అది చాలదు. చుక్క వేయఁగానే పట్టు జిగురు వేఱొకటి కలదు. అది పలుచని సందులలోఁ బట్టును గాని, పిడిరంధ్రము వంటి వెడల్పు సందును నింపలేదు, దెబ్బకుఁ బెళుసుగాఁ బగులును. ఎపాక్సీ యట్లు కాదు. ఒక గొట్టములోని పాకమును రెండవ గొట్టములోని గట్టిపఱచు ద్రవ్యమును గలియఁగా, ఆ రెంటికిని రసాయనసంయోగము జరిగి మొత్తము గట్టిపడును. ఆఱుటతోఁ బనిలేదు, సందు కొంచెము వెడల్పైనను నింపును.

ఇఁక ఎపాక్సీలలో ఏది? అయిదు నిమిషములదియా, ఒక రాత్రి పట్టునదియా? కత్తిపిడికి రెండవదియే తగును. త్వరగా బిగియు రకములు సాధారణముగా తేమకును వేఁడికిని తక్కువ ఓర్చును. మెల్లగా బిగియునది గంటసేపైనను జాఱుగా నుండి కఱ్ఱ రంధ్రములలోనికి దిగును. పిడి వంకరగాఁ గూర్చున్నచో సరిదిద్దుటకు వ్యవధి యిచ్చును. పూర్తి బలమునకు ఒక దినమైనఁ బట్టును. దుకాణమున అట్టమీఁది చిన్న యక్షరములు చదువుఁడు. కన్ను ఆనకున్న మనుమనిచేఁ జదివింపుఁడు. లోహమునకును గఱ్ఱకును బనికివచ్చునా, నీటికి ఓర్చునా, ఎన్ని గంటలకు బిగియును అను మూఁడింటిని జూచినఁ జాలును.

అయినను నా తప్పు జిగురు నెన్నుటలో మాత్రమే కాదు. తోఁక నున్నగా, నూనెతో నుండఁగనే దూర్చితిని. దానిని గరుకు కాగితముతో రాచి, స్పిరిటుతోఁ దుడిచి, ఆపై వ్రేలితోఁ దాఁకకుండవలయును. టేకు వంటి నూనెగల కఱ్ఱయైనచో రంధ్రమును గూడఁ దుడువవలెను. రెండు పాళ్లును అట్టమీఁద చెప్పిన కొలఁదినే కలుపుఁడు. గట్టిపఱచునది యెక్కువ వేసిన త్వరగా బిగియునని కొందఱు భ్రమింతురు. బిగియుట యటుంచి, కూర్పు మెత్తఁబడి చెడును. రంధ్రములో సన్నపుల్లతో జిగురును అడుగుదాఁక దింపవలయును. లేనిచో గాలి చిక్కుకొనును. పలకపిడులను నొక్కి కట్టునపుడు మరీ బిగింపకుఁడు. జిగురంతయు బయటికి వచ్చి నడుమ నేమియు మిగులదు. మన వేసవిలో కలిపిన ముద్ద తనంత వేఁడెక్కి తొందరగా బిగియును. కావున కొంచెము కొంచెముగాఁ గలుపుకొనవలెను. పచ్చిజిగురు చేతికంటినచో సబ్బుతోఁ గడుగుఁడు. తఱుచుగాఁ దాఁకినవారికి చర్మము పొక్కుట కలదు.

ఇంకొక మాట. సామాన్యపు ఎపాక్సీ 60, 70 డిగ్రీల వేఁడికే మెత్తఁబడఁజొచ్చును. మెల్లగా బిగియు రకమైనను మరుగునీటిలో నానవేయఁదగదు. గట్టివేటు పడు కత్తికి జిగురుతోపాటు పిడికిని దోఁకకును అడ్డముగా నొక ఇత్తడిమేకు కొట్టింపవలెను. జిగురు వదలినను మేకు పట్టుకొనును.

ఈ దోషమే నాకు మఱమ్మతున కుపకరించినది. పాతకత్తిని మరుగునీటిలో నుంచి చెడిన జిగురును మెత్తఁబఱచి గీఁకివేసితిని. తోఁకను రాచి, తుడిచి, మెల్లగా బిగియు జిగురు నించి, మేకు కొట్టించి, రెండు రాత్రులు చావడిలోఁ గదలింపక యుంచితిని. ఈ యేఁడు కాయలు వచ్చినపుడు మా కోడలు చేయి చాఁచినది గాని నేను కత్తి నీయలేదు. మొదటి పది కాయలను నేనే కొట్టితిని.