మూలంలో ఉన్నంతే

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన ఊరి గురించి అందులో ఎవరైనా రాయొచ్చు. మాటలు మనవి కావాలి, విషయం మాత్రం మూలం చెప్పినదాన్ని దాటకూడదు.

బాన్సువాడనే తీసుకోండి. 2011 జనాభా లెక్కల నాటికి ఇది నిజామాబాద్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2011 నాటి జనాభా అంకె తెచ్చి, ఏడాది చెప్పకుండా "కామారెడ్డి జిల్లాలోని ఈ పట్టణ జనాభా ఇంత" అని రాస్తే? అంకె సరైనదే, కానీ చదివినవాళ్లు దాన్ని ఇప్పటి లెక్క అనుకుంటారు. "2011 లెక్కల ప్రకారం, అప్పటి నిజామాబాద్ జిల్లాలో" అని చేరిస్తే చాలు.

ఇంకో ఉదాహరణ: మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయిందని పుస్తకంలో ఉందనుకోండి. "దానితోనే మా ఊరి దశ తిరిగింది" అని మనం కలిపేస్తాం. అది నిజమే కావచ్చు, కానీ ఆ పుటలో లేదు. కింద మూలంగా ఆ పుస్తకం పేరు పెడితే, అనని మాట దానికి అంటగట్టినట్టే. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ల చేతే ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది.

ఈ వారం మీ ఊరి వ్యాసం తెరిచి, ఒక్క వాక్యాన్నైనా దాని మూలంతో పోల్చి చూడండి. తేడా ఉంటే సరిదిద్దండి.