గోంగూర పచ్చడి



1947 దేశవిభజనలో జనపనార పండు నేలలు అధికభాగము తూర్పు పాకిస్తానునకు పోయినవి. మిల్లులు హుగ్లీ తీరమున మిగిలినవి. ఆ లోటును కొంత తీర్చినది గోగునార, వంగీయుల ‘మేస్తా’. దాని ఆకే మన గోంగూర.

మా తల్లిగారు గతించిన పిమ్మట మా యింట ఆ పచ్చడి లేదు. నాయనమ్మ పచ్చడి యెట్లుండెడిదని మొన్న మా అమ్మాయి అడిగినది. ఆకు తెచ్చి, కడిగి, తడియారనిచ్చి, నూనెలో మగ్గించితిని. ఎండుమిరపకాయలు, మెంతులు, ఆవాలు వేయించి, ఉప్పు చేర్చి, రోలు లేనందున పొరుగింటి శిల్‌నోడాపై నూరితిని. అదియు మన సన్నికల్లే. పచ్చడి కుదిరినది, అమ్మ రుచి మాత్రము రాలేదు. ఆమె కొలత చేతిలో నుండెడిది; ఉన్ననాడు నేనడుగనైతిని.

మీ యిండ్ల పెద్దలను ఇప్పుడే అడుగుడని నా మనవి.