కార్బన్ కడ్డీ కథ

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు, "పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్" అన్నారు. కష్టపడి చదవమని చెప్పడానికి మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక వస్తువు గురించి చెబుతాను. చివర్లో ట్రస్టు పెద్దలకు ఒక మనవి చేసుకుంటాను.

ఇదిగో, ఈ వస్తువే. నా చిటికెన వేలంత ఉంది. లోపల నల్లగా, పైన రాగి పూతతో కనిపిస్తోంది కదా! దీని పేరు కార్బన్ కడ్డీ. వాడగా మిగిలిన ముక్క ఇది. దీన్ని నేను యాభై ఏళ్లకు పైగా దాచుకున్నాను.

మా నాయన అప్పటి రామనాథపురం జిల్లాలో ఒక టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరుగా ఉండేవారు. మన వాళ్లందరి లాగే మాకూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర నేర్చుకున్నాం, నేనూ మా అక్కా. అక్క నాకంటే ఏడాదిన్నర పెద్ద, బడిలో ఒక తరగతి పైన. సాయంత్రం నాయనకు అన్నం క్యారియరు తీసుకుని ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆ సాకుతో క్యాబిన్‌లోంచి సినిమా చూసేవాళ్లం.

ఆ రోజుల్లో ప్రొజెక్టరులో బల్బు ఉండేది కాదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉండేవి. వాటి కొనలను ఒకసారి తాకించి కొద్దిగా ఎడం చేస్తే మధ్యలో కళ్లు చెదిరే వెలుగు పుట్టేది. దాన్నే ఆర్క్ అంటారు. కడ్డీలు కాలే కొద్దీ కొనల మధ్య ఎడం పెరుగుతుంది. ఆపరేటరు మర తిప్పుతూ వాటిని దగ్గరకు జరుపుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే తెర మీద బొమ్మ మసకబారుతుంది, జనం ఈలలు వేస్తారు.

టాకీస్ యజమాని కడ్డీలు లెక్క పెట్టి ఇచ్చేవాడు. లెక్క మించితే జీతంలో కోత. అందుకని అక్క ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి రీలుకూ ఏ కడ్డీ ఎంత అరిగిందో స్కేలుతో కొలిచి రాసేది. ఒక రోజు నాయనను అడిగింది: "నాయనా, ఒక కడ్డీ లావుగా, ఇంకొకటి సన్నగా ఉంది. అయినా రెండూ ఇంచుమించు ఒకే పొడవు తగ్గుతున్నాయి. ఎందుకు?" నాయనకు తెలియలేదు. "కంపెనీవాడు అట్లా చేసినాడమ్మా" అన్నారు. నేను ఆ ప్రశ్న పట్టించుకోలేదు. సినిమా చూస్తున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1800 తర్వాతి తొలి పదేళ్లలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ రెండు వేల జతల లోహపు పలకలున్న పెద్ద బ్యాటరీ కట్టించి, రెండు కర్ర బొగ్గు ముక్కల మధ్య ఆర్క్ వెలిగించి చూపాడు. ఆ వెలుగు నాలుగంగుళాల దాకా సాగింది. చూసినవాళ్లు ముగ్ధులయ్యారు. కానీ ఇంట్లో పొయ్యి చూసినవారెవరికైనా తెలుసు, కర్ర బొగ్గు మెత్తనిది, త్వరగా కాలిపోతుంది. దానితో ప్రదర్శన చేయవచ్చు గానీ వీధికి దీపం పెట్టలేం.

మొదటి మార్పు 1844లో ఫ్రాన్స్‌లో వచ్చింది. బొగ్గు నుంచి గ్యాసు తీసే కర్మాగారాల్లో, బొగ్గును కాల్చే పాత్రల లోపలి గోడలకు గట్టి కార్బన్ పొర పేరుకునేది. పనివాళ్లు దాన్ని చెక్కి పారేసేవారు. లియాన్ ఫూకో ఆ పనికిరాని పెచ్చును కడ్డీలుగా కోయించి ఆర్క్‌కు వాడాడు. కర్ర బొగ్గు కంటే చాలా నెమ్మదిగా కాలింది. అయితే రాయిలా గట్టిగా ఉండి కోతకు లొంగేది కాదు. లోపల ఇసుక వంటి మలినాలు ఉండేవి. అవి తగిలిన చోట వెలుగు చిటపటలాడేది, కడ్డీ చిట్లేది.

దొరికిన కార్బన్ బాగా లేకపోతే కావలసిన కార్బన్‌ను మనమే తయారు చేసుకోవాలి. ఆ దారిలో చాలామంది శ్రమించారు. వారిలో ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ కారే పద్ధతి పేరుపొందింది. శుభ్రమైన కోక్ పొడి, దీపపు మసి తీసుకుని చక్కెర పాకంతో పిండిలా కలిపేవాడు. ఒత్తిడి పెట్టి కడ్డీలుగా నొక్కి, గాలి తగలకుండా బట్టీలో కాల్చేవాడు. కాల్చినప్పుడు పాకంలోని తేమ, ఆవిర్లు పోయి కడ్డీలో సన్నని రంధ్రాలు మిగిలేవి. మళ్లీ పాకంలో నానబెట్టి మళ్లీ కాల్చేవాడు. అట్లా కొన్నిసార్లు చేస్తే రంధ్రాలు నిండి కడ్డీ గట్టిపడేది. మన అమ్మమ్మలు మురుకులు నొక్కిన పని, కుమ్మరి ఆవం పెట్టిన పని రెండూ కలిపితే ఇదే.

మూడో మెట్టు అమెరికాలో. చార్లెస్ బ్రష్ 1879 ఏప్రిల్ 29న క్లీవ్‌లాండ్ నగరపు పబ్లిక్ స్క్వేర్‌లో 12 ఆర్క్ దీపాలు వెలిగించాడు. ఆయన పెట్రోలియం శుద్ధిలో అడుగున మిగిలే కోక్‌ను కడ్డీలకు వాడాడు. అందులో బూడిద తక్కువ. కడ్డీకి రాగి పూత పూయడం కూడా ఆయన ప్రచారంలోకి తెచ్చిన పనే. కార్బన్ కంటే రాగిలో కరెంటు సులువుగా పోతుంది. అందువల్ల కడ్డీ పొడవునా వేడెక్కి పక్కల నుంచి అరిగిపోకుండా ఉంటుంది. నా చేతిలో ఉన్న ముక్క మీద రాగి ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

తర్వాత కడ్డీ నడిమికి మెత్తటి కార్బన్ గుజ్జు పెట్టడం వచ్చింది. దానివల్ల ఆర్క్ అంచుల వెంట పరుగెత్తకుండా మధ్యలోనే కుదురుగా నిలిచేది. 1893లో లూయిస్ మార్క్స్ ఆర్క్‌ను దాదాపు గాలి చొరని గాజు బుడ్డిలో పెట్టాడు. అంతకుముందు ఎనిమిది, పది గంటల్లో అయిపోయే కడ్డీలు నూరు గంటలకు పైగా వచ్చాయి. వీధుల్లో రోజూ దీపాలెక్కి కడ్డీలు మార్చే పని తప్పింది.

ఇన్ని చేసినా ఒక బాధ మిగిలింది. కరెంటు కొంచెం పెంచితే ఆర్క్ బుసకొట్టేది. వెలుగు అదిరేది, వోల్టేజి హఠాత్తుగా పది వోల్టుల వరకు పడిపోయేది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆ చిక్కు విప్పింది ఒక మహిళ. పిల్లలూ, ఆమె పేరు గుర్తుపెట్టుకోండి: హెర్తా ఎయిర్టన్.

ఆమె 1854లో ఇంగ్లండులోని పోర్ట్‌సీలో పుట్టింది. తండ్రి పోలండు నుంచి వచ్చిన యూదుడు, గడియారాల పనివాడు. 1861లో ఆయన పోయేసరికి ఇంటి నిండా పిల్లలు, ఇంకొక బిడ్డ కడుపులో. తల్లి కుట్టుపని చేసి సాకింది. తొమ్మిదేళ్ల వయసులో హెర్తా లండన్‌లో బడి నడుపుతున్న పిన్నమ్మల దగ్గరకు చదువుకు వెళ్లింది. పదహారేళ్లకే ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పి తల్లికి డబ్బు పంపింది. అప్పుడు బార్బరా బోడిషన్ అనే ఆమె ఈ పిల్ల తెలివి గుర్తించి కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీలో చదవడానికి ధనసహాయం చేసింది. 1880లో హెర్తా గణిత పరీక్ష పాసయింది. కానీ కేంబ్రిడ్జి అప్పట్లో ఆడవాళ్లకు పట్టా ఇచ్చేది కాదు. 1881లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ తీసుకుంది. తర్వాత ఎలక్ట్రికల్ ఆచార్యుడు విలియం ఎయిర్టన్‌ను పెళ్లాడింది.

1891లో చనిపోతూ బోడిషన్ ఆమెకు కొంత డబ్బు రాసిపోయింది. ఆ డబ్బుతో తల్లిని చూసుకుంటూ, ఇంటి పనికి మనిషిని పెట్టుకుని, హెర్తా పరిశోధనకు కూర్చోగలిగింది. 1893లో భర్త షికాగో వెళ్లినప్పుడు ఆయన మొదలుపెట్టిన ఆర్క్ ప్రయోగాలను తాను చేపట్టి, చివరికి తన సొంతం చేసుకుంది.

ఆమె కనిపెట్టింది ఏమిటంటే, డీసీ ఆర్క్‌లో పాజిటివ్ కడ్డీ కొన మీద చిన్న గుంట పడుతుంది. వెలుగులో ఎక్కువ భాగం ఆ గుంట నుంచే వస్తుంది. కరెంటు పెంచితే గుంట వెడల్పవుతుంది. కడ్డీ కొన చాలినంత వరకు ఇబ్బంది లేదు. కొన చాలనప్పుడు గుంట అంచు దాటి కడ్డీ పక్కలకు పాకుతుంది. అప్పుడు బయటి గాలి నేరుగా లోపలికి చొరబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ కాగిన కార్బన్‌ను తాకడమే ఆ బుసకు కారణం. ఊహతో ఆగలేదు, పరీక్ష పెట్టింది. ఆర్క్‌లోకి ఆక్సిజన్ పంపితే బుసకొట్టింది. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పంపితే కొట్టలేదు. అంటే ఎంత కరెంటుకు ఎంత లావు కడ్డీ కావాలో ఇక లెక్క కట్టి చెప్పవచ్చు.

1899లో ఆమె లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో ఈ పత్రాన్ని స్వయంగా చదివింది. ఆ సంస్థలో పత్రం చదివిన మొదటి మహిళ, మొదటి మహిళా సభ్యురాలు కూడా ఆమే. 1901లో రాయల్ సొసైటీలో మాత్రం ఆమె పత్రాన్ని జాన్ పెర్రీ చదవవలసి వచ్చింది. 1902లో ఆమె పేరు ఫెలోషిప్‌కు ప్రతిపాదించారు. పెళ్లయిన స్త్రీకి చట్టప్రకారం అర్హత లేదని తోసిపుచ్చారు. 1906లో అదే సొసైటీ ఆమెకు హ్యూస్ పతకం ఇచ్చింది. బ్రిటిషు నౌకాదళం తమ సర్చిలైట్లకు ఏ కడ్డీలు వాడాలో ఆమె పరిశోధన చూసి నిర్ణయించుకుంది.

ఇప్పుడు మా అక్క ప్రశ్నకు వస్తాను. పాజిటివ్ కడ్డీ నెగటివ్ కంటే దాదాపు రెండింతలు కరిగిపోతుంది. రెండూ ఒకే లావు ఉంటే పాజిటివ్ ముందుగా అయిపోతుంది. కాబట్టి దాన్ని లావుగా చేస్తారు. ఉదాహరణకు పాజిటివ్ 12 మిల్లీమీటర్లు, నెగటివ్ 8 మిల్లీమీటర్లు అనుకోండి. అడ్డుకోత వైశాల్యాలు లెక్కిస్తే 144కు 64, అంటే రెండింతలకు కాస్త ఎక్కువ. అందుకే పొడవు ఇంచుమించు సమంగా తగ్గుతుంది. కడ్డీ బుసకొట్టినప్పుడు నాయన ఎందుకు కంగారుపడి కరెంటు తగ్గించేవారో కూడా ఇదే చెబుతుంది.

సినిమా కోసం ఈ కడ్డీ ఇంకో మెట్టు ఎక్కింది. జర్మనీలో హైన్రిచ్ బెక్ కడ్డీ నడిమి గుజ్జులో సీరియం లవణాలు కలిపి వెలుగును ఎన్నో రెట్లు పెంచాడు. సీరియం మోనజైట్ ఇసుకలో దొరుకుతుంది. ఆ ఇసుక మన కన్యాకుమారి దగ్గరి మణవాళకురిచ్చి తీరంలో ఉందని 1909లో షోంబర్గ్ అనే జర్మన్ కనుగొన్నాడు. తర్వాత జెనాన్ దీపాలు వచ్చాయి, ఆపైన డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. క్యాబిన్‌లో కార్బన్ పోయింది.

అయినా కడ్డీ చావలేదు. ఐటీఐ చదివే పిల్లలు వెల్డింగ్ షాపులో గౌజింగ్‌కు వాడే రాగి పూత కార్బన్ కడ్డీ చూసే ఉంటారు. బ్రష్ పూసిన పూత అదే. తుక్కు ఇనుమును కరిగించే ఆర్క్ కొలిమిలో మనిషెత్తు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు వాడతారు. దుర్గాపూర్‌లో, నాసిక్‌లో, మండీదీప్‌లో అవి తయారవుతాయి. పెట్రోలియం కోక్, తారు పిచ్, నొక్కడం, కాల్చడం, నానబెట్టి మళ్లీ కాల్చడం. కారే చేసిన పనినే పెద్దగా చేస్తున్నారు. ఇంజనీరింగు చదివే పిల్లలు ఆ వైపు కూడా చూడండి.

ఇక నా మనవి. మా ఊళ్లో బడి ఎనిమిదో తరగతి వరకే. ఆపైన చదవాలంటే పది మైళ్ల అవతలి పట్నంలో హాస్టల్లో ఉండాలి. మన వాళ్లు కూడబెట్టిన ఒక చిన్న నిధి హాస్టలు ఖర్చు ఇచ్చేది, ఇంటికి ఒక్కరికే. 1967లో అక్క ఎనిమిది పాసయింది. నాయన దరఖాస్తు పెట్టలేదు. "ఇప్పుడు నీకు అడిగితే వచ్చే ఏడు తమ్ముడికి రాదమ్మా" అన్నారు. అక్క మాట్లాడలేదు. మరుసటి సంవత్సరం నేను ఆ డబ్బుతో హాస్టలుకు వెళ్లాను.

1973లో పాలిటెక్నిక్ ప్రయోగశాలలో నాకు ఆ రెండు కడ్డీల లెక్క తెలిసింది. సెలవులకు వెళ్లి అక్కకు చెప్పాను. అప్పటికి పెళ్లయి చంకన బిడ్డ ఉంది. మొత్తం విని, "అయితే నేను అడిగింది సరైన ప్రశ్నే గదరా" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

మన ట్రస్టులోనూ ఇంటికి ఒక్కరికే అనే నియమం ఉంది. డబ్బు తక్కువగా ఉన్న రోజుల్లో, ఎక్కువ ఇళ్లకు అందాలని పెట్టిన నియమం అది. దాన్ని పెట్టిన పెద్దలను తప్పుపట్టను. కానీ దరఖాస్తులు పరిశీలించే సంఘంలో నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను. అన్నా చెల్లెళ్లు, అక్కా తమ్ముళ్లు చదివే ఇళ్ల నుంచి ఎక్కువగా అబ్బాయి పేరే వస్తోంది. మార్కులు ఎవరికి ఎక్కువున్నా సరే. తల్లిదండ్రులది కూడా చెడ్డ మనసు కాదు. మా నాయనదీ కాదు. ఒక్కరినే ఎంచుకోమని మనం అంటున్నాం, వాళ్లు ఎంచుకుంటున్నారు.

కాబట్టి రెండో బిడ్డకు కూడా, కనీసం సగమైనా, ఇచ్చే వీలు చూడమని ధర్మకర్తలను వేడుకుంటున్నాను. ఆ ఖాతాకు ఏటా నా పింఛనులో ఒక నెల మొత్తం ఇస్తాను. ఈ సంవత్సరం చెక్కు కార్యదర్శిగారికి ఇప్పుడే అందజేస్తున్నాను.

బోడిషన్ ఇచ్చిన డబ్బు ఒక ఆడపిల్లను కాలేజీకి పంపింది. ఆ పిల్ల పెద్దయి తన కూతురికి బార్బరా అని పేరు పెట్టుకుంది. 1923లో ఆమె పోయిన తర్వాత ఆమె పేరు మీద గర్టన్‌లో ఒక పరిశోధనా వేతనం వెలసింది. ఇచ్చిన సాయం అట్లా ముందుకు నడుస్తుంది.

అక్క ఇవాళ సభకు వచ్చింది. మూడో వరుసలో కూర్చుంది. ఆ నోటుబుక్కు ఇంకా ఆమె దగ్గరే ఉంది. పిల్లలు అడిగితే చూపిస్తుంది.