వేరు పొయ్యి



జనాభా లెక్కలలో, ఒకే వంటయింటి అన్నము తినుచు కలసి నివసించువారిని ఒక గృహముగా నెంచుదురు. కుటుంబమన్ననో, రక్తమువలనను, వివాహమువలనను, దత్తతవలనను ఏర్పడు బాంధవ్యము. కావున ఒక మండువా లోగిలిలో అన్నదమ్ములిరువురు వేరువేరుగ పొయ్యి రాజేసికొన్ననాడు గృహములు రెండగును గాని కుటుంబము రెండు కాదు. సమాజశాస్త్రవేత్త ఎ. ఎం. షా 1973లో వెలువరించిన గ్రంథమున ఈ రెంటిని వేరుచేసియే పరిశీలించెను. వేరుపడిన తమ్ముడే, కుమారునకు పెండ్లిచేసి కోడలిని తెచ్చుకొన్నపిమ్మట, మరల ఉమ్మడి కాపురమునకు పెద్దయగుట మన మెరుగనిదా? కనుక కొడుకు వేరు కాపురము పెట్టెదనన్నంతనే ఇల్లు కూలినదని కంట తడి పెట్టవలదని తల్లులకు నా మనవి.

వేరగు కొడుకు మాట అటుండ, అత్తవారింట చేరు ఇల్లరికపుటల్లుని లోకము చులకనగా చూచుట నాకెన్నడును నచ్చలేదు. రెడ్డి, కమ్మ కుటుంబములలోని ఇల్లటపు (ఇల్లరికపు) ఆచారమును మద్రాసు న్యాయస్థానములు అంగీకరించి, అట్టి అల్లునకు మామగారి ఆస్తియందు కొడుకుతోపాటు భాగము కలదనియు, పుట్టినింటి హక్కు పోదనియు తేల్చినవి. మామగారి సేద్యము నిలిపినవాడు చులకన యెట్లగును?

ఇక నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి, తల్లిదండ్రులను వంతులు వేసికొనుట. నేనెరిగిన ఒక యింట, ముసలితల్లి ప్రతినెల మొదటి తేదీని, మందుల డబ్బాయు రెండు చీరలునుగల చేసంచితో వీథి దాటి మరియొక కుమారుని గడప యెక్కును. ముప్పదియొక్క దినముల నెల వచ్చినప్పుడు, ఆ కడపటి దినపు అన్నము ఎవరు పెట్టవలెనని కోడండ్రు వాదులాడుకొనుచుండ, ఆమె అరుగుపై కూర్చుండి వినుచుండును. ఆమెకు కుమార్తెయు కలదు. కాని ఆడపిల్ల యింట నుండరాదట! చట్టమో అట్లనదు: 1985 నుండియే ఆంధ్రప్రదేశమున అవివాహిత హిందూ కుమార్తెలకును, 2005లో దేశమంతట హిందూ కుమార్తెలందరకును ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోడి హక్కు లభించినది. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టము కొడుకును కూతురును సమానముగనే బాధ్యులను చేసినది.

భాగపత్రము వ్రాసికొనుటకు పెద్దమనుష్యులు కూర్చున్ననాడు, పొలము సరిహద్దులకు ముందుగ, ఎచ్చట నుండగోరెదవని ఆ తల్లిని అడుగుడు. తన వంట తానే చేసికొందునని ఆమె యనినచో, పెరటి గదిలో ఆమెకును ఒక పొయ్యి పెట్టి, బియ్యమును పప్పును నెల నెలకు ముందుగనే అందజేయుడు.