కుష్ఠు వైద్యశాలలో మా ఆరు వారములు
(శతాబ్ది ఉత్సవముల యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మా ఇద్దరిని కలిపి ఒకే ప్రసంగము చేయమన్నారు. కనుక వ్రాసినది ఇద్దరము, చదువుచున్నది ఒకరము. మాలో ఒకరు ఈ సంఘములోనే పుట్టి పెరిగినవారు. రెండవవారు ఈ ఆవరణలో అడుగు పెట్టడము ఇదే మొదటిసారి. సోషల్ వర్కు ఎం.ఏ. చదువుచున్న మమ్మల్ని కాలేజీవారు వేసవిలో ఆరు వారములు ఏదో ఒక ధర్మసంస్థలో పనిచేసి రమ్మంటారు. మా వంతుకు ఉత్తరాంధ్రలో ఒక కుష్ఠు వైద్యశాల వచ్చింది. మా తోటి విద్యార్థులు కొందరు పట్నములోని ఏ.సి. గదుల సంస్థలకు వెళ్ళారు. మా ఇంట్లోవాళ్ళు మాత్రము, "అక్కడి నీళ్ళు తాగకండి" అని సీసాలు కట్టి ఇచ్చారు. ఆ సీసాలు మూడవ రోజుకే ఖాళీ అయినవి. తరువాత బావి నీళ్ళే తాగాము. ఆ నీళ్ళు బాగున్నవి.

మేము నోటు పుస్తకములు, ప్రశ్నావళులు సిద్ధము చేసుకొని వెళ్ళాము. అక్కడి సూపరింటెండెంటు డాక్టరుగారు వాటిని చూచి నవ్వి, "ఇవి రెండవ వారములో తీయండి. మొదటి వారము కాళ్ళ తొట్టి దగ్గర కూర్చోండి" అన్నారు. కాళ్ళ తొట్టి అంటే వరండా పొడవునా కట్టిన సిమెంటు కాలువ. ఉదయము ఏడు గంటలకు రోగులు వరుసగా అరుగుమీద కూర్చొని ఆ నీళ్ళలో ఇరవై నిమిషములు కాళ్ళు నానబెట్టుకొంటారు. తరువాత గరుకు రాతితో అరికాలి ఆనెలు రుద్దుకొని, కాలు తడి ఆరకముందే నూనె రాసుకొంటారు. ఆపైన నేలమీద అద్దము పెట్టుకొని, అరికాలిలో ముల్లున్నదా, బొబ్బ లేచిందా, పగులున్నదా అని వెదుక్కొంటారు. కాలు వంచలేనివారికి పక్కవారు చూచి చెబుతారు. ఆ వారము మేమే చూచి చెప్పాము.

మొదటి రోజున ఒక మామ్మ మా ముందు కాలు చాచి అన్నమాట ఇది: "నా కాలు నాకు సెప్పదు బాబూ. మీరే సూసి సెప్పాల." ఈ వ్యాధిని గురించి మేము తరువాత చదివిన పుస్తకములన్నీ ఈ రెండు ముక్కలకు వ్యాఖ్యానమేనని మాకు తోచింది.

కొంచెము వివరిస్తాము. ఎందుకంటే మనలో చాలామంది ఇప్పటికీ కుష్ఠు వలన వేళ్ళు వాటంతట అవి రాలిపోతాయనుకొంటారు. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. ఆ క్రిమి చర్మమును, నరములను పట్టుకొంటుంది. మోచేతి దగ్గర నరము దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోతాయి. మోకాలి పక్క నరము పోతే పాదము పైకి లేవదు. చీలమండ దగ్గర నరము పోతే అరికాలికి స్పర్శ ఉండదు. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. మనకైతే చెప్పులో చిన్న రాయి పడితే నాలుగడుగులు వేయలేము. వారు ఆ రాతిమీదనే నాలుగు మైళ్ళు నడుస్తారు. అలా పుండు పడి, అది ఎముకదాకా పోయి, చివరకు వేలు పోతుంది. నొప్పి లేకపోవడమే ఈ నష్టమునకు మూలమని వెల్లూరులో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ గట్టిగా నిరూపించి చూపారు. ముడుచుకొన్న వేళ్ళను శస్త్రచికిత్సతో చాపే పద్ధతిని కూడ ఆయన అక్కడే ఆరంభించారు.

మన తెలుగు ప్రాంతములో ఈ సేవ పాతది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని 1915లో ఆసుపత్రి ప్రారంభించారు. దానికి పెద్దమొత్తము విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆనాటి మందు చాల్‌మొగ్రా నూనె. దానిని సూదులతో ఎక్కించేవారు. తరువాత 1940లలో డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. 1995 నుండి ఆ మందులు ఉచితము. 2005 డిసెంబరు నాటికి మన దేశములో పదివేల మందికి ఒక్క రోగికంటె తక్కువే ఉన్నారని లెక్క తేలింది. దానితో వ్యాధి అయిపోయిందని పత్రికలు వ్రాశాయి, విరాళములు తగ్గినవి. కాని ఇప్పటికీ ఏటా మన దేశములో సుమారు లక్షమంది కొత్త రోగులను గుర్తిస్తున్నారు. ప్రపంచము మొత్తములో సగముకంటె ఎక్కువ మనవాళ్ళే. అయిపోయినదన్న మాట ఆ వైద్యశాల గేటు దాకా వచ్చినవారెవ్వరూ అనరు.

ఇక మామ్మ సంగతి. పేరు, ఊరు చెప్పము. ఆమె రోగి కాదు. 1990లలోనే మందు పూర్తిగా వాడి నయమైనది. అప్పట్లో రెండేళ్ళు వాడవలసి ఉండేది, ఇప్పుడు పెద్దరకము వ్యాధికి పన్నెండు నెలలే. క్రిమి పోయింది గాని పోయిన నరము తిరిగి రాదు గనుక, పుండు పడినప్పుడల్లా ఆమె ఆసుపత్రికి వస్తూనే ఉంటుంది. కేసు షీటు చూస్తే మూడేళ్ళలో ఐదుసార్లు చేరింది. ప్రతిసారీ కాలికి పిండికట్టు వేసి వారములకొలది పడుకోబెడతారు, పుండు మానుతుంది, ఇంటికి వెళుతుంది, మళ్ళీ వస్తుంది. "ఎందుకు మళ్ళీ వస్తున్నదో కనుక్కోండి. అదే మీ పని" అన్నారు డాక్టరుగారు.

ఆసుపత్రివారు ఆమెకు ప్రత్యేకమైన చెప్పులు ఇచ్చారు. వాటి అడుగున మెత్తని రబ్బరు ఉంటుంది. దానిని ఎం.సి.ఆర్. అంటారు. మేకులు ఊడి కాలిలో దిగకుండా జిగురుతోనే అతుకుతారు. పట్టు లేని కాలినుండి జారిపోకుండా వెనుక పట్టీ ఉంటుంది. ఆ చెప్పులు కుట్టే తాతకు కూడ ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చి నయమైనదే. రెండు వేళ్ళతో సూది పట్టుకొని ఆయన కుట్టే కుట్టు చూడవలసినదే.

మామ్మను ఆ చెప్పులు వేసుకొంటావా అని అడిగితే, వేసుకొంటానన్నది. ఎప్పుడూ తీయవా అంటే, పడుకొనేటప్పుడు తీస్తానన్నది. నాలుగు రోజులు ఇదే జవాబు. ఐదవ రోజున మాలో ఒకరము ఆమె పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చొన్నప్పుడు, తనంతట తానే, "గుడికాడ తీస్తాను కదా" అన్నది. గుడి అంటే వారి ఊరి చర్చి.

అక్కడ మొత్తము కథ బయటపడింది. వారి చర్చిలో చెప్పులు బయట విడవాలి. మన పల్లె చర్చిలలో అన్నిచోట్ల ఉన్న ఆచారమే. ఆమె విడిచేది. లోపల గచ్చుమీద, ఆ తరువాత ఆవరణలో నడిచేది. పైగా ఆ నల్లని, వెనుక పట్టీ ఉన్న చెప్పులు చూస్తే అవి ఎక్కడివో ఊరంతటికీ తెలుసు. ఆ ఏడు ఈస్టరు ఆరాధన ముగిసేసరికి మిట్టమధ్యాహ్నమయింది. బయటకు వస్తే ఆమె చెప్పులు పెట్టినచోట లేవు. మిగిలిన చెప్పులలో కలవకుండా ఎవరో కర్రతో వాటిని ప్రహరీగోడ దాకా నెట్టారు. వాటిని వెదుకుతూ కాలే సిమెంటుమీద ఆమె అటూ ఇటూ తిరిగింది. కాలు చెప్పలేదు. సాయంత్రము కోడలు చూచి కేక వేస్తే గాని అరికాలంతా బొబ్బలెక్కినదని తెలియలేదు.

"ఆళ్ళని ఏటీ అనకండి బాబూ. నన్ను లోనికి రానిత్తన్నారు, అదే పదివేలు" అన్నది మామ్మ.

పెద్దలారా, ఈ మాట మీ ముందు చెప్పాలా వద్దా అని మేము చాలా ఆలోచించాము. శతాబ్ది సంచికలలో మన సంఘములు కట్టిన ఆసుపత్రులు, బడులు, బావుల జాబితా ఉంటుంది, ఉండవలసినదే. ఆ ఆసుపత్రిలో నయమైన మనిషి ఇంటికి వెళ్ళి ఆదివారమునాడు ఎక్కడ కూర్చొంటున్నదన్నది కూడ ఆ జాబితాలో భాగమేనని మా అభిప్రాయము. 

నాలుగవ వారములో ఫిజియోథెరపీ చూచే అక్కతో కలిసి ఆ ఊరు వెళ్ళాము. సంఘ పెద్దలు మమ్మల్ని ఆదరముగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. కర్ర సంగతి ఎత్తలేదు. ఎత్తవద్దని మామ్మ ఒట్టు పెట్టించుకొన్నది. ఆమెను చెప్పులతో లోపలికి రానిస్తారా అని మాత్రము అడిగాము. ఒక పెద్దాయన వెంటనే, దేవుడు మోషేతో చెప్పులు విడువుమన్నాడు గదా అన్నారు. అందులో దురుద్దేశమేమీ లేదు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ చర్చి ఊడ్చి దీపము పెట్టినవారు. మాకు జవాబు తోచలేదు. అక్క మాత్రము, "మోషే కాలికి ముల్లు గుచ్చుకొంటే తెలిసేది గదా తాతా" అన్నది. ఆయన నవ్వారు గాని ఒప్పుకోలేదు. ఒక్కరికి ఒప్పుకొంటే అందరూ బూట్లతో వస్తారని ఇంకొకరన్నారు. ఆనాటికి అంతే.

తిరిగివచ్చి ఈ సంగతి చెప్పులు కుట్టే తాతకు చెప్పాము. ఆయన సూది ఆపకుండానే, "బయట మట్టి లోనికి రాకూడదు, అంతే కదా వాళ్ళ బాధ? లోపలికని ఇంకో జత కుడతాను. అవి చర్చి దాటవు" అన్నాడు. అదే రబ్బరు, అదే పట్టీ. పైన మాత్రము నలుపు బదులు గోధుమరంగు తోలు వేసి, బజారు చెప్పులవలె కుట్టాడు. ఆ జతను తీసుకొని మళ్ళీ ఆ ఊరు వెళ్ళాము. ఈసారి స్త్రీల మైత్రి వారు కూడ వచ్చి కూర్చొన్నారు. పెద్దాయన వాటిని చేతిలోకి తీసుకొని, అడుగు తిప్పి చూచి, మెత్తగా నొక్కి, పాటల పుస్తకములు పెట్టే బీరువా కింది అరలో తానే పెట్టారు. చేతిలోకి తీసుకొన్నారు, అది మేము చూచాము. గుమ్మము దగ్గర ఒక చిన్న బల్ల వేయించి, మామ్మ అక్కడ కూర్చొని జత మార్చుకొనే ఏర్పాటు స్త్రీల మైత్రి వారు చేశారు.

మిగిలిన పని గురించి క్లుప్తముగా చెబుతాము. వ్రేలిముద్ర పడనందువలన పింఛను ఆగిపోయిన పదకొండుమందికి, కంటిపాపతో గుర్తింపు చేయించమని అర్జీలు వ్రాసిపెట్టాము. అరిగిపోయిన వ్రేళ్ళను యంత్రముమీద ఎన్నిసార్లు నొక్కినా అది ఒప్పుకోదు, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా సరే. బడులకు వెళ్ళి, స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచవద్దని పిల్లలకు చెప్పాము. మాకు తెలియని చట్టము సంగతులు కూడ కొన్ని తెలిసినవి. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము రద్దయినది 2016లో. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టములోను, మరి నాలుగు చట్టములలోను కుష్ఠును విడాకులకు లేక భార్య విడిగా ఉండి భరణము కోరడానికి కారణముగా చూపే మాటను తీసివేసినది 2019లో. అంటే నయమైపోయే వ్యాధి పేరు చెప్పి భార్యను వదిలివేయడానికి నిన్న మొన్నటిదాకా చట్టమే దారి ఇచ్చినది.

ఒక్క విషయము మాత్రము తేలకుండా మిగిలినది. ఆ చర్చిలో సంస్కారపు పాత్ర మామ్మకు అందరికంటె చివర అందిస్తారు. అదెప్పటినుండి మొదలైనదో ఎవరికీ జ్ఞాపకము లేదు. ఈ వ్యాధి మందు వాడని రోగి ముక్కు, నోటి తుంపరల ద్వారా, చాలాకాలము దగ్గరగా మెలిగినవారికి సోకవచ్చునని, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే సోకే గుణము పోతుందని, మామ్మ మందు ముగించి పాతికేళ్ళు దాటిందని డాక్టరుగారు సంతకము చేసి ఇచ్చిన ఉత్తరమును అయ్యగారికి అందజేశాము. పాస్టరేటు కమిటీలో పెడతామన్నారు. మామ్మను అడిగితే, "సివరైతే ఏటి, అదే రసము కదా" అన్నది. కాని ఆమె పక్కన కూర్చొన్న కోడలు ఏమీ అనలేదు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, పెండ్లి యీడుకు వస్తున్నారు.

మొన్న వైద్యశాల నుండి అక్క ఫోను చేసింది. కమిటీ ఇంకా కూర్చోలేదట. మామ్మ కాలికి పుండు లేదట. చర్చి జత మడమ దగ్గర కొంచెము అరిగినదని, కొత్త అడుగు వేయడానికి కాలి కొలత మళ్ళీ తీసుకొని రమ్మని తాత కబురు పెట్టాడట. వచ్చే శనివారము మేమిద్దరము వెళుతున్నాము.